ఎనిమిది నెలల పాపకు పౌచ్‌లు, డబ్బా ఆహారం ఎంతవరకు పెట్టవచ్చు?

ఎనిమిది నెలల పాప తల్లి:
పాపకు ఆరు నెలలు నిండగానే నేను తిరిగి ఉద్యోగంలో చేరాను. పొద్దున బయలుదేరేటప్పుడు, పాపను చూసుకునే ఆమె చేతికి నీళ్లలో కలిపే సీరియల్ పొడి, రెండు పండ్ల పౌచ్‌లు, ఒక కూరగాయల గుజ్జు సీసా ఇచ్చి వెళ్తున్నాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పాపకు నిద్ర ముంచుకొస్తూ ఉంటుంది కాబట్టి, అప్పుడు వండి, మెదిపి, చల్లార్చి పెట్టేంత వ్యవధి ఉండదు. సెలవు రోజుల్లో మాత్రం నేనే వండుతున్నాను.

మొన్న మా అత్తగారు ఆ సీసాలను చూసి, కన్నబిడ్డకు వండిపెట్టే తీరిక కూడా లేకపోతే ఎలాగమ్మా అన్నారు. ఆవిడ కోపంతో కాదు, బాధతోనే అన్నారు. అందుకే ఆ మాట నన్ను ఇంకా వదలడం లేదు. మా వారేమో, చెడ్డదైతే పసిపిల్లల కోసమని అమ్మనిస్తారా అని తేల్చేశారు. ఈ రెండు మాటలూ నా సందేహాన్ని తీర్చలేదు. ఈ ఆహారం వల్ల పాపకు నిజంగా ఏ లోటు జరుగుతుంది, ఏది జరగదు అన్నది నాకు తెలియాలి. మీరు మీ పిల్లల విషయంలో ఎక్కడ హద్దు పెట్టుకున్నారో, ఎందుకు పెట్టుకున్నారో దయచేసి చెప్పండి.

ముగ్గురు పిల్లల తల్లి:
నా అభిప్రాయం మీకు కొంచెం కటువుగా అనిపించవచ్చు, కానీ అనుభవించి చెబుతున్నాను. మా పెద్దవాడికీ చిన్నదానికీ అంతా ఇంట్లోనే వండి పెట్టాను. రెండోవాడి సమయంలో నా ఆరోగ్యం బాగా లేనందువల్ల దాదాపు ఏడాది పాటు వాడు పౌచ్‌ల మీదే పెరిగాడు. బరువు చక్కగా పెరిగాడు, రక్తపరీక్షల్లో ఏ లోపమూ కనిపించలేదు. అయితే పద్నాలుగు నెలలు వచ్చినా నోట్లో చిన్న పలుకు తగిలితే చాలు, వాంతి చేసుకునేవాడు. నమలడం అంటే ఏమిటో వాడికి తెలియలేదు. అన్ని కూరగాయల గుజ్జులకూ ఒకటే తీపి, ఒకటే మెత్తదనం అలవాటైనందువల్ల, ఇంట్లో ఉడికించిన అదే కూరగాయ చేదుగానో వగరుగానో తగిలేసరికి మూతి బిగించేవాడు. వాడిని దారిలో పెట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఇంట్లో వండిన వంట ఏ రోజుకు ఆ రోజు కొద్దిగా మారుతుంది. ఒకరోజు గట్టిగా, ఒకరోజు జారుగా, ఒకరోజు కాస్త అడుగంటి ఉంటుంది. ఆ మార్పే పిల్లల నాలుకకు చదువు అని నేను నమ్ముతాను. కార్ఖానా నుంచి వచ్చేది మాత్రం ప్రతి సీసాలోనూ ఒకేలా ఉంటుంది. అందుకే ప్రయాణాల్లో తప్ప డబ్బా ఆహారం వద్దు అనేది నా మాట.

కవలల తండ్రి:
మా పిల్లలిద్దరూ నెలలు నిండకముందే పుట్టారు. ఇంటికి తీసుకొచ్చాక వాళ్ల అమ్మ కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. ఒకరికి తినిపించి, మూతి తుడిచి, పడుకోబెట్టేలోపు రెండోవారు ఆకలితో ఏడుస్తూ ఉండేవారు. ఆ రోజుల్లో సీరియల్ డబ్బా, గుజ్జు సీసాలు లేకపోతే మా ఇల్లు ఎలా నడిచేదో ఊహించలేను. అందువల్ల డబ్బా ఆహారాన్ని ఎవరైనా సోమరితనంతో ముడిపెడితే నాకు కష్టంగా ఉంటుంది.

పసిపిల్లల కోసం తయారుచేసి అమ్మే ఆహారం నిన్న మొన్న పుట్టింది కూడా కాదు. తల్లిపాలు అందని శిశువులు పుట్టిన కొన్ని నెలల్లోనే చనిపోతున్న కాలంలో, 1860లలో, రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్, వ్యాపారి హెన్రీ నెస్లే వంటివారు పాలు, గోధుమ పిండి ఆధారంగా శిశువుల కోసం ఆహారాలు తయారుచేశారు. అవి ఈనాటి లెక్కలో లోపభూయిష్టమైనవే. ఇంకో సంగతి కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అమెరికాలో 1970ల వరకు శిశువుల గుజ్జు సీసాల్లో ఉప్పు వేసేవారు. సీసా తెరిచి రుచి చూసేది తల్లులు కాబట్టి, ఆ ఉప్పు వాళ్ల నాలుక కోసం వేసిందే. శాస్త్రజ్ఞులూ తల్లిదండ్రులూ గట్టిగా అడిగాకే ఉప్పు తీసేశారు. అంటే మనం పట్టించుకుని అడిగితే ఈ ఆహారం మెరుగుపడుతుంది. వద్దని పక్కన పెట్టడం కంటే ఎలాంటిది కావాలో అడగడం నాకు సబబుగా తోస్తుంది.

ఆహార శాస్త్రం చదివిన తల్లి:
ఇద్దరూ చెప్పినదాంట్లో నిజం ఉంది. ఒకే పేరుతో పిలుస్తున్న వస్తువులు నిజానికి మూడు నాలుగు రకాలు కావడం వల్ల చర్చ చిక్కుపడుతోంది. ఇనుము కలిపిన సీరియల్ పొడి ఒకటి, పండ్ల పౌచ్ మరొకటి, నోట్లో కరిగిపోయే చిరుతిండి ఇంకొకటి. వీటిని విడివిడిగా చూడాలి.

మొదట సీరియల్ సంగతి. కడుపులో ఉండగా బిడ్డ నిల్వచేసుకున్న ఇనుము దాదాపు ఆరు నెలలకు తరిగిపోతుంది. తల్లిపాలలో ఇనుము లీటరుకు అర మిల్లీగ్రాము కూడా ఉండదు. అమెరికాలో 7 నుంచి 12 నెలల శిశువుకు రోజుకు 11 మిల్లీగ్రాముల ఇనుము సిఫారసు చేస్తారు. ఎదిగిన మగవాడికి సిఫారసు చేసేది 8 మిల్లీగ్రాములే. గుప్పెడంత పొట్ట ఉన్న పసివాడికి అంత ఇనుము అందించాలంటే మాంసం, గుడ్డు, పప్పుధాన్యాలు క్రమం తప్పకుండా పెట్టాలి, లేదా ఇనుము కలిపిన ఆహారం తోడు కావాలి. ఇంట్లో వండిన పలుచని ధాన్యపు జావ ఎంత ప్రేమగా వండినా ఈ విషయంలో చాలదు. కాబట్టి చక్కెర కలపని, ఇనుము కలిపిన సీరియల్ వాడుతున్నందుకు మీరు మనసు కష్టపెట్టుకోవలసిన పని లేదు.

పండ్ల పౌచ్‌ల మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2019లో నాలుగు నగరాల్లో అమ్ముతున్న శిశు ఆహారాలను పరిశీలించినప్పుడు, మూడు నగరాల్లో సగం, అంతకు మించిన ఉత్పత్తుల్లో 30 శాతానికి పైగా కేలరీలు చక్కెరల నుంచే వస్తున్నట్టు తేలింది. దాదాపు మూడోవంతు ఉత్పత్తుల్లో చక్కెరో, చిక్కబరచిన పండ్ల రసమో విడిగా కలిపి ఉంది. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప ఏమీ వద్దని అదే సంస్థ చెబుతుండగా, నగరాన్ని బట్టి 28 నుంచి 60 శాతం ఉత్పత్తులు ఆరు నెలల లోపు వారికి కూడా పనికివస్తాయని రాసి ఉన్నాయి. మీ వారు అన్న మాటకు నా సమాధానం ఇదే: అమ్మనిచ్చారు కాబట్టి మంచిదే అనుకోవడానికి వీల్లేదు.

చక్కెర కలపలేదని ముందువైపు రాసి ఉన్నా సరిపోదు. పండును మెత్తని గుజ్జుగా తిప్పినప్పుడు దాని కణాల గోడలు తెగి, లోపలి చక్కెర బయటపడుతుంది; కొరికి తిన్న పండుకూ పీల్చి మింగిన గుజ్జుకూ పళ్ల విషయంలోనూ ఆకలి విషయంలోనూ తేడా ఉంటుంది. డబ్బా వెనుక పదార్థాల వరుస చూడండి, బరువులో ఎక్కువున్నది ముందు రాస్తారు. పేరులో ఆకుకూర ఉండి, వరుసలో మొదట ఆపిల్ ఉంటే అది ఆపిల్ గుజ్జే. ఇక సోడియం అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. ఏడాది లోపు బిడ్డకు రోజు మొత్తం మీద ఒక గ్రాము ఉప్పు మించకూడదని బ్రిటన్ ఆరోగ్య శాఖ చెబుతుంది.

అమ్మమ్మ:
నేను ముగ్గురిని పెంచాను, ఇప్పుడు మనవలిద్దరిని చూసుకుంటున్నాను. పాప తల్లికి ఒక మాట చెప్పాలని రాస్తున్నాను. మీ అత్తగారి వయసు వాళ్లం మేము పిల్లలకు వండి పెట్టినవన్నీ మంచివే అనుకునేవాళ్లం. అందులో ఉప్పు వేశాం, తియ్యగా ఉంటే తింటారని చక్కెర వేశాం, నాలుకకు తేనె రాశాం. నా కూతురు తన బిడ్డకు తేనె వద్దు అన్నప్పుడు నాకు కోపం వచ్చింది. మిమ్మల్ని ఇలాగే పెంచలేదా అని అడిగాను. తర్వాత వైద్యురాలు కూర్చోబెట్టి వివరంగా చెబితే గానీ నాకు అర్థం కాలేదు. ఆ రోజు నా కూతురితో తప్పు నాదేనమ్మా అని చెప్పాను.

మాకు తెలిసిన మంచి విషయం ఒకటుంది, అది మాత్రం వదులుకోవద్దు తల్లీ. బిడ్డ ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూస్తూ, మాట్లాడుతూ తినిపించేవాళ్లం. బిడ్డ తల పక్కకు తిప్పితే కడుపు నిండిందని తెలిసేది. ఈ కాలంలో పౌచ్ చేతికిచ్చి బండిలో కూర్చోబెడితే, బిడ్డ తింటున్నదేమిటో చూడనే చూడదు. దాని రంగు తెలియదు, వాసన తెలియదు. సీసాలోదే పెట్టినా పళ్లెంలో వేసి పెట్టండి.

పిల్లల వార్డు నర్సు:
అమ్మమ్మ గారు తేనె సంగతి ఎత్తడం మంచిదయింది. తేనెలో క్లాస్ట్రిడియం బొటులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండే అవకాశం ఉంది. ఏడాది లోపు శిశువు పేగుల్లో అవి మొలకెత్తి విషం తయారుచేస్తే కండరాలు చచ్చుబడతాయి. తేనెను కాచినా ఆ బీజాలు చావవు, కాబట్టి మొదటి పుట్టినరోజు దాటేవరకు చుక్క కూడా వద్దు.

పని మీద నేను చూసేది ఎక్కువగా ఇంటి ఆహారం పాడైన సందర్భాలే కాబట్టి ఆ వైపు కూడా చెప్పాలి. సీలు తీయని సీసా శుభ్రంగా ఉంటుంది. పొద్దున వండి, మూతపెట్టి, వేడిగా ఉన్న గదిలో మధ్యాహ్నం వరకు ఉంచిన గుజ్జు అలా ఉండదు. వండినది రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి, తిరిగి తినిపించేటప్పుడు పొగలు వచ్చేలా వేడిచేసి చల్లార్చాలి, ఒకసారి వేడిచేశాక మిగిలినది పారేయాలి. సీసాలోదైనా సరే, తినిపించే చెంచాను నేరుగా అందులో ముంచకూడదు. బిడ్డ లాలాజలం కలిసిన మిగులు త్వరగా చెడిపోతుంది. కావలసినంత గిన్నెలోకి తీసుకుని, సీసాకు మూత బిగించండి.

డబ్బా పాలు వాడేవారు కూడా ఈ చర్చ చదువుతూ ఉండవచ్చు. పాలపొడి పూర్తిగా సూక్ష్మజీవులు లేనిది కాదు. అందుకే దాన్ని కలిపే నీళ్లు 70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. వేడి నీళ్లతో కలిపి, సీసాను చల్లటి నీళ్ల కింద తిప్పి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని పట్టించాలి. గోరువెచ్చని నీళ్లలో కలిపితే సులువే గాని, నెలలు నిండని పిల్లలకూ రెండు నెలల లోపు వారికీ ముప్పు ఎక్కువ.

పౌచ్ మూతిని నేరుగా నోట్లో పెట్టి పీల్పించవద్దని మేము అందరికీ చెబుతాం. చెంచాలోని ముద్దను పెదవులతో అందుకోవడం, నాలుకతో పక్కకు తోయడం, చిగుళ్లతో నలపడం బిడ్డ నేర్చుకోవలసిన పనులు. పీల్చడం పుట్టుకతోనే వచ్చు, దానికి కొత్తగా అభ్యాసం అక్కరలేదు.

ముగ్గురు పిల్లల తల్లి:
నర్సు గారు చివర చెప్పిందే మా రెండోవాడికి జరిగింది. ఆ సంగతి నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

మరో విషయం కూడా నన్ను కలవరపెడుతోంది. శిశు ఆహారాల్లో సీసం, ఆర్సెనిక్ వంటి విష లోహాలు ఉన్నాయని 2021లో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ఒకటి నివేదిక ఇచ్చింది. అతిగా శుద్ధిచేసిన, అంటే కార్ఖానాల్లో ఎన్నో దశల్లో తయారైన ఆహారం తింటే మనుషులు తెలియకుండానే ఎక్కువ తింటారని కూడా చదివాను. ఇవి తెలిశాక కూడా డబ్బా తెరవడానికి మనసు ఎలా ఒప్పుతుంది?

ఆహార శాస్త్రం చదివిన తల్లి:
మీ భయం అర్థవంతమైనదే, అయితే లోహాలు కార్ఖానాలోనే పుట్టవు. అవి ఎక్కువగా నేల నుంచి, నీటి నుంచి పంటలోకి వస్తాయి. నీళ్లు నిలిచిన పొలంలో పెరిగే వరి, మిగతా ధాన్యాల కంటే ఎక్కువ ఆర్సెనిక్‌ను పీల్చుకుంటుంది. నేలలో పెరిగే దుంపల్లో సీసం ఎక్కువ ఉండే వీలుంది. అదే బియ్యం, అదే దుంప మన వంటింట్లో మామూలుగా ఉడికినంత మాత్రాన అందులోని లోహం పోదు. శిశువుల బియ్యపు ఆహారంలో ఆర్సెనిక్ కిలోకు 100 మైక్రోగ్రాములు మించకూడదని ఐరోపా సమాఖ్య 2016 నుంచి అమలు చేస్తోంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2020లో అదే స్థాయిని సూచించింది, 2025 జనవరిలో సీసానికి కూడా స్థాయిలు ప్రకటించింది. ఈ పరిమితులు ఇంకా కఠినంగా ఉండాలని నేనూ కోరుకుంటాను. తల్లిదండ్రులుగా మన చేతిలో ఉన్నది ధాన్యాలను మార్చి మార్చి పెట్టడం, రోజూ బియ్యపు ఆహారమే పెట్టకుండా చూడడం, ఆర్సెనిక్ కొంతైనా తగ్గేలా బియ్యాన్ని ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేయడం.

మీరు చదివిన పరిశోధన 2019 నాటిది అయి ఉంటుంది. అందులో పాల్గొన్నది 20 మంది పెద్దవాళ్లు. అతిగా శుద్ధిచేసిన ఆహారం ఇచ్చిన రెండు వారాల్లో వాళ్లు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. మెత్తగా ఉన్నది వేగంగా తినగలగడం ఒక కారణమని అనుకుంటున్నారు. శిశువుల మీద జరిగిన పరిశోధన కాదు కాబట్టి దాన్ని యథాతథంగా వాళ్లకు వర్తింపజేయలేం. పలుకుల విషయంలో మీ అనుభవానికి మాత్రం ఆధారం ఉంది. ఇంగ్లాండ్‌లో 1990ల ఆరంభంలో పుట్టిన వేలమంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, పది నెలలు వచ్చేదాకా పలుకులున్న ఆహారం రుచి చూడని పిల్లలకు తర్వాత తినిపించడం ఎక్కువ కష్టమైందని తేలింది. ఎనిమిది నెలల పాప తల్లి గారూ, మీరు సరైన సమయంలోనే అడిగారు.

ఒంటరి తల్లి:
ఇంతసేపు చదివాక నాకు ఒక్కటే అడగాలనిపించింది. ఇక్కడ కూడా, మీ అత్తగారి మాటలో కూడా, వండే తీరిక లేకపోవడం తల్లి లోటుగానే వచ్చింది. పాప తండ్రికి తీరిక ఉందా అని ఎవరూ అడగలేదు. నా బాబును నేను ఒక్కదాన్నే పెంచుతున్నాను. పగలు పని, రాత్రి పని చేసి వచ్చి, సీసా మూత తిప్పిన ప్రతిసారీ నేనేదో నేరం చేస్తున్నట్టు చేతులు వణికేవి. ఆ భయంతో తినిపిస్తే బాబు కూడా సరిగ్గా తినేవాడు కాదు. లేబుల్ ఎలా చదవాలో నేర్పండి, తప్పకుండా నేర్చుకుంటాం, కానీ ముందు ఆ భారాన్ని మా ఒక్కరి నెత్తి మీద నుంచి దించండి.

కవలల తండ్రి:
మీరు అడిగింది న్యాయం. మా ఇంట్లో వంట నేను మొదలుపెట్టిందే ఆ డబ్బాల రోజుల తర్వాత. వారానికి ఒకసారి రెండు కూరగాయలు, ఒక పప్పు, కొంచెం మాంసం విడివిడిగా ఉడికించి, మంచు గడ్డల ట్రేలో పోసి గడ్డకట్టించేవాడిని. రోజూ రెండు మూడు ఘనాలు తీసి వేడిచేస్తే ఒక పూట గడిచేది. దానికి నాకు పట్టింది గంటన్నర.

నేను ఒక పొరపాటు ఒప్పుకోవాలి. ఏడాది దాటాక కూడా, పిల్లలు బక్కగా ఉన్నారన్న బెంగతో, ఎదిగే పిల్లల కోసమని అమ్మే తియ్యటి పాలపొడిని చాలా కాలం కొన్నాను. అలాంటి పాలపొడుల వల్ల మామూలు పాలకూ సమతుల ఆహారానికీ మించిన పోషక లాభం లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2023లో స్పష్టంగా చెప్పింది. ఇప్పుడు మూడేళ్ల పిల్లలు మామూలు పాలు రుచిగా లేవని పక్కన పెడుతున్నారు. ఎనిమిది నెలల వయసులో అవసరానికి వాడిన సీసా కంటే, రెండేళ్లప్పుడు అలవాటుగా మారిన ఆ డబ్బాయే మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

ఎనిమిది నెలల పాప తల్లి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి వంటింటి అరలో ఉన్న ప్రతి డబ్బా వెనుక వైపు చదివాను. ఇనుము ఉన్న, చక్కెర లేని సీరియల్ ఉంచుకుంటున్నాను. పౌచ్‌లు ఆరింటిలో ఐదింటికి మొదటి పదార్థం ఆపిల్ గుజ్జే, వాటిలో రెండింటి మీద పెద్ద అక్షరాలతో కూరగాయల పేర్లు ఉన్నాయి. ఇక అవి కొనను. కూరగాయల సీసా మాత్రం పూర్తిగా మానలేను. కానీ దాన్ని గిన్నెలో వేసి, ఉడికించి వేలితో నలిపిన ముక్కలు కొన్ని అందులో కలిపి చెంచాతో పెట్టమని పాపను చూసుకునే ఆమెకు రాసి ఇచ్చాను. మా వారు ఒంటరి తల్లి గారి మాటలు చదివి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆదివారం వంట తనదేనని చెప్పారు. మా అత్తగారు ఘనాలు చేసే ట్రే తానే తెస్తానన్నారు.

ఈరోజు మొదటిసారి పలుకులు కలిపి పెడితే పాప ఉమ్మేసింది. రెండోసారి పెడితే ముఖం చిట్లించింది. ఇలా ఎన్నిసార్లు పెట్టి చూడాలి?

ఆహార శాస్త్రం చదివిన తల్లి:
కొత్త రుచిని ఒప్పుకోవడానికి పిల్లలకు ఎనిమిది నుంచి పదిసార్లు, కొందరికి అంతకంటే ఎక్కువసార్లు పడుతుంది. ఉమ్మేయడం వద్దనడం కాదు, అది ఏమిటో నాలుకతో చూసుకోవడం. బలవంతం చేయకుండా, రెండు మూడు చెంచాలు పెట్టి, వద్దంటే ఆపేసి, మరో రోజు మళ్లీ పెట్టండి.

ముగ్గురు పిల్లల తల్లి:
డబ్బా ఆహారం గురించి నా అభిప్రాయం పెద్దగా మారలేదు, అయినా మీ పాప విషయంలో నాకు బెంగ లేదు. మా రెండోవాడితో ఉపయోగపడిన చిట్కా ఒకటి చెబుతాను. వాడికి చెంచా నేను పట్టుకుంటే మూతి బిగించేవాడు, అదే మెత్తగా ఉడికిన ముక్కను వాడి చేతికే ఇస్తే చాలాసేపు పిసికి, పూసుకుని, చివరికి నోట్లో పెట్టుకునేవాడు. వేళ్ల మధ్య నొక్కితే చితికిపోయేంత మెత్తగా ఉడికించి, పాపను నిటారుగా కూర్చోబెట్టి, మీరు పక్కనే ఉండి ఇచ్చి చూడండి. నేల మీద పాత గుడ్డ ఒకటి పరుచుకోండి.